జైనూరు మురుగు కాలువకు 1/70 అడ్డు వచ్చినదా?

ఆసిఫాబాదు జిల్లా జైనూరులో అంగడినాడు టీ కొట్టు ముంగిట కూర్చుండి లోకాభిరామాయణము సాగించువారును, ఉట్నూరు కూడలిలో ధర్నాలకు వచ్చి మైకు పుచ్చుకొను నాయకులును, ఎన్నికల ఋతువున కారు దిగి రెండు మాటలాడి మరల కారెక్కు అభ్యర్థులును, తక్కిన విషయములలో ఒకరి మొగము ఒకరు చూడనివారే యైనను, ఒక్క విషయమున మాత్రము ఏకకంఠముగా పలుకుచుందురు. 1/70 చట్టము పోనిదే ఏజెన్సీ బాగుపడదనునది ఆ పలుకు. వానకాలమున వీథులలో బురద నిలిచినచో దానికి 1/70 కారణము. జ్వరము ముదిరిన పిల్లవానిని ఆదిలాబాదు రిమ్స్‌కు తరలింపవలసి వచ్చినచో దానికిని 1/70 కారణము. పత్తి కొనువాడు తూకములో మోసగించినను, చదువుకొన్న కుఱ్ఱవాడు ఉద్యోగము లేక యింట కూర్చున్నను, తుదకు సెల్‌ఫోనుకు సిగ్నలు అందకున్నను కారణము అదియే. ఇన్ని రోగములకు ఒకే నిదానము చెప్పగల వైద్యుడు ఏ యూరనైనను ఉన్నచో, అతని పట్టాను ముందుగా పరీక్షించుట మంచిది.

ఈ వాదమును ఖండింపబూనుటకు ముందు నా పక్షమేదో చెప్పుకొనుట న్యాయము. నేను గిరిజనుడను కాను. 1963కు పూర్వమే పట్టా పొందిన గిరిజనేతర కుటుంబమున పుట్టితిని. ఇల్లును, దాని వెనుక దొడ్డియు నా పేరనున్నవి. వానిని నేడు అమ్మదలచినచో గిరిజనునకే అమ్మవలెను గాని, ఎక్కువ వెల యిచ్చు మైదానపు సేఠుకు అమ్మరాదు. కావున ఈ చట్టము రద్దగుట వలన లాభము పొందువారిలో నేనును ఒకడను. ఆ సంగతి మా బంధువులు పెండ్లిపేరంటములందు నాకు తఱచు గుర్తుచేయుచుందురు కూడ. అయితే నా దొడ్డి వెల పెరుగుటకును జైనూరు బాగుపడుటకును గల సంబంధమేమో వారెవరును ఇంతవఱకు నాకు చూపలేకపోయిరి.

మొదట ఆ చట్టమున నేమున్నదో చూతము. దానిని తిట్టువారిలో అధికులు దానిని చదివినట్లు తోచదు. షెడ్యూల్డు ప్రాంతములలో భూమి బదలాయింపును గూర్చిన నిబంధన 1959లో ఆంధ్రప్రాంతపు ఏజెన్సీకై ఏర్పడి, 1963 డిసెంబరు 1వ తేదీ నుండి తెలంగాణమునకు వర్తించి, 1970 ఫిబ్రవరి 3 నుండి అమలులోనికి వచ్చిన సవరణము చేత నేటి రూపము దాల్చినది. 1970వ సంవత్సరపు ఒకటవ నిబంధన యగుట చేతనే అది 1/70గా వాడుకకెక్కినది. దాని సారము రెండు మాటలలో చెప్పవచ్చును. షెడ్యూల్డు ప్రాంతములోని స్థిరాస్తిని గిరిజనుడు గాని గిరిజనేతరుడు గాని, గిరిజనునకో గిరిజనుల సహకార సంఘమునకో తప్ప అన్యులకు బదలాయింపరాదనుట ఒకటి. అట్టి ప్రాంతమున గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనుని నుండి వచ్చినదే యని, అన్యథా నిరూపింపబడువఱకు, భావింపవలెననుట రెండవది. 1978లో వచ్చిన మఱియొక సవరణము ఇట్టి దస్తావేజుల రిజిస్ట్రేషనును నిషేధించి, ఉల్లంఘించినవారికి శిక్షను విధించినది. ఇది రాజ్యాంగవిరుద్ధమని వాదించినవారికి సుప్రీంకోర్టు 1988లో రామిరెడ్డి వ్యాజ్యమున తగిన సమాధానము చెప్పి చట్టమును నిలబెట్టినది. ఆద్యంతము ఎన్నిమార్లు తిరగవేసినను, ప్రభుత్వము బడి కట్టరాదనిగాని, పంచాయతి నీటిగొట్టము వేయరాదనిగాని, ఆర్టీసీ బస్సు నడుపరాదనిగాని, వైద్యుని నియమింపరాదనిగాని ఈ నిబంధనలో నాకొక పంక్తియైనను కానరాలేదు.

చట్టము లేనిచో ఏమగునో ఊహింప నక్కఱ లేదు. అది ఈ నేలకు అనుభవైకవేద్యము. కెరమెరి కొండలలోని జోడెఘాట్‌లో కుమ్రం భీము నైజాము పోలీసుల తుపాకులకు బలియైనది 1940లో. అతడు కోరినది పండ్రెండు గ్రామముల భూమిపైనను అడవిపైనను తన జనుల హక్కు. ఆ రక్తపాతము పిమ్మటనే నైజాము ప్రభుత్వము కన్ను తెఱచి, గోండుల స్థితిని పరిశీలించుటకు ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్‌ను నియోగించెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో గూడ నివాసమేర్పఱచుకొన్న మార్లవాయి మన జైనూరు మండలములోనిదే; గోండు ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చు కేంద్రము 1943లో వెలసినదియు అచ్చటనే; ఆ దంపతుల సమాధులును అచ్చటనే కలవు. ఆయన చొరవ వలన ఆ దశాబ్ది ముగియులోగా ఆదిలాబాదు జిల్లాలో పదకొండువేలకు పైగా గిరిజన కుటుంబములకు సుమారు 1,60,000 ఎకరములకు పట్టాలు చేతికందినవి. పట్టా యనునది ఎట్టి కాగితమో అంతకుముందెన్నడు నెఱుగని ఇండ్లలో అది దేవుని గదిలో దాచుకొన దగిన వస్తువైనది.

పిమ్మట జరిగినదానిని మన పెద్దలు కన్నులార చూచిరి. గిరిజన ప్రాంతములకై హైదరాబాదు ప్రభుత్వము చేసిన శాసనము పుస్తకములలో నుండెను గాని నేలపైకి దిగి రాలేదు. బాటలు పడినవి, బాటల వెంట లారీలు వచ్చినవి, లారీల వెంట మహారాష్ట్రము నుండియు మైదానపు జిల్లాల నుండియు వర్తకులును సేద్యగాండ్రును వచ్చిరి. జొన్న పండిన చేలలో పత్తి వేసిరి. పెండ్లికో, దండారి పండుగకో, ఎద్దు చచ్చినచో మఱియొక ఎద్దుకో చేసిన అప్పు రెండేండ్లలో రెట్టింపై, నాలుగేండ్లలో చేనును మ్రింగెను. పట్టాదారుడు తన చేననే పాలేరైన యుదాహరణములు ఈ మండలమున పటేలులను అడిగినచో ప్రతి గూడెమునను చెప్పుదురు. 1970వ దశకమున మరల వచ్చి చూచిన హైమెండార్ఫ్ ఆ విధ్వంసమును 1982లో వెలువడిన తన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథమున సవిస్తరముగా వర్ణించెను. బాటలు, వర్తకము, పెట్టుబడి, స్వేచ్ఛగా చేతులు మారు భూమి, ఈ నాలుగును కలిసిన కాలమే అది. నేటి రద్దువాదులు కోరునదియు ఆ నాలుగే. అట్టి కాలమున గోండుకు మిగిలినదేమో ఇంద్రవెల్లి చెప్పుచున్నది. 1981 ఏప్రిల్ 20వ తేదీన భూముల కొఱకు సభ చేసికొన వచ్చిన గిరిజనులపై అక్కడ పోలీసులు కాల్పులు జరిపిరి. చనిపోయినవారు పదుమువ్వురని ప్రభుత్వము చెప్పినది. అంతకు ఎన్నో రెట్లు అధికమని ప్రజలు నేటికిని చెప్పుకొందురు.

1/70 అమలులోనుండగా అభివృద్ధి జరుగలేదనువారు, అది నిజముగా అమలులోనున్నదా యని ఒక్కమారైనను విచారింపరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఈ శతాబ్ది తొలి దశకము నాటికి అధికారుల లెక్కలలోనికెక్కిన భూ అన్యాక్రాంతపు కేసులు 72,001. వానిలో చిక్కుకొన్న భూమి 3,21,685 ఎకరములు. తీర్పు చెప్పబడినవానిలో దాదాపు సగము, అనగా 33,319 కేసులు, గిరిజనునకు వ్యతిరేకముగా ముగిసినవి. ఆ విధముగా 1,62,989 ఎకరములు గిరిజనేతరులకే దక్కినవి. భారమంతయు గిరిజనేతరునిపై మోపి, అతడే తన హక్కును నిరూపించుకొనవలెనని శాసించిన చట్టము క్రింద సగము కేసులలో గిరిజనుడు ఓడిపోయినాడన్నచో, ఆ ఓటమి చట్టములోని కాఠిన్యము వలన కలిగినది కాజాలదు. సగము ప్రాణముతో నున్న చట్టమును చూపి, ఇది ఊరిని గొంతు పిసికి చంపుచున్నదనుట విచిత్రమైన నేరారోపణము.

బ్యాంకులు అప్పులీయవనునది రెండవ ఆక్షేపణము. విన్నంతనే సబబుగా తోచునది. కాని శాసనకర్తలు దీనిని మనకంటె ముందే ఆలోచించిరి. 1971లోనే, అనగా ప్రధాన సవరణము వచ్చిన మఱుసటి యేడే, సహకార సంఘములకును బ్యాంకులకును ప్రభుత్వము ఆమోదించిన ఆర్థికసంస్థలకును భూమిని స్వాధీనము చేయక తనఖా పెట్టుటకు అనుమతినిచ్చిరి. అప్పు తీరనిచో ఆ భూమిని గిరిజనునకే అమ్మవలెనను షరతు ఒక్కటియే పెట్టిరి. అట్లే, కొనువాడు గిరిజనులలో దొరకక నా వంటివాడు చిక్కుపడినచో, ప్రభుత్వ ఏజెంటగు కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకొని ఆ భూమిని ప్రభుత్వమునకే ఒప్పగించి పరిహారము పొందు త్రోవ మూడవ సెక్షనులోనే కలదు. ఈ దారులు వాడుకలో లేవన్నచో, వానిని వాడుకలోనికి తెండని బ్యాంకు మేనేజరునో కలెక్టరునో అడుగవలెను. త్రోవనున్న తలుపు తట్టక, గోడనే కూలద్రోయుదమను తొందర ఎందులకో!

పరిశ్రమలు రావనునది మూడవది. గోదావరి తీరమున భద్రాచలమునకు చేరువనున్న సారపాక షెడ్యూల్డు ప్రాంతమే. అక్కడి ఐటీసీ కాగితపు కర్మాగారము ఉత్పత్తి మొదలిడినది 1970కి తరువాతనే. సింగరేణి సంస్థ మందమఱ్ఱిలో బొగ్గు త్రవ్వుచుండుటయు షెడ్యూల్డు ప్రాంతముననే. 1997 నాటి సమతా తీర్పున సుప్రీంకోర్టు గిరిజనేతరులకును ప్రైవేటు కంపెనీలకును గనుల కౌళ్ళను కాదన్నదే గాని, ప్రభుత్వరంగ సంస్థలను కాదనలేదు. ఇక మన జిల్లాలోనే సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడి నాలుగేండ్లు వేలాది కుటుంబములను వీథిలో నిలిపినదే, దానిని మూయించినది 1/70 కాదు. 2018లో తెఱపించినదియు దాని రద్దు కాదు. ముడిసరుకు, నష్టములు, అప్పులు, యాజమాన్యము, ప్రభుత్వపు రాయితీలు, ఈ లెక్కలపైననే మిల్లు మూతపడును, తెఱువబడును. జైనూరునకు కావలసిన పరిశ్రమ పత్తి జిన్నింగు మిల్లో, సోయా శుద్ధి కేంద్రమో, గిరిజనుల సహకార సంఘము పేర వెలసినచో చట్టము దానికి అడ్డు చెప్పుటకు మాఱు స్వాగతము పలుకును.

బాటల మాట. కెరమెరి ఘాటు మలుపులలో బస్సు ఆగి దిగి నిలుచున్న ప్రయాణికులు సైతము 1/70నే తిట్టుట నేను విన్నాను. అడవి గుండ పోవు బాటను వెడల్పు చేయుటకు అనుమతి కావలసినది 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము క్రింద. దానికిని 1/70కిని ఏ చుట్టఱికమును లేదు. అంతేకాదు, 2006 నాటి అటవీహక్కుల చట్టము మూడవ సెక్షనులోని రెండవ ఉపవిభాగము, బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌకధరల దుకాణము, విద్యుత్తు తీగలు, చెఱువులు, త్రాగునీరు, చిన్న కాలువలు, బాటలు మున్నగు పదుమూడు విధముల సౌకర్యములకై, ఒక్కొక్కదానికి హెక్టారునకు మించని అటవీభూమిని, హెక్టారునకు డెబ్బదియైదు చెట్లకు మించి నఱకనక్కఱ లేనిచో, గ్రామసభ సిఫారసుపైన కేటాయింపవచ్చునని చెప్పుచున్నది. ఢిల్లీ దాక ఫైలు నడువ నక్కఱ లేని యేర్పాటు అది. ఈ సెక్షను పేరెత్తి తీర్మానము చేయుదమని గ్రామసభలో ఎవరైనను లేచి అడుగగా నేను వినలేదు; 1/70 రద్దు చేయవలెనని ప్రసంగించినవారిని మాత్రము ఎందఱినో వింటిని. 2023 జూన్ 30వ తేదీన ఆసిఫాబాదులో నాటి ముఖ్యమంత్రి పోడు పట్టాల పంపిణీని ప్రారంభించి, రాష్ట్రమంతట లక్షన్నర మందికి నాలుగు లక్షల యెకరములకు పైగా హక్కు కల్పించుచున్నామని ప్రకటించినది ఈ అటవీహక్కుల చట్టము బలముననే. ఆ చట్టములో మనకు పట్టాల భాగము కంఠస్థము. బాటల భాగము మాత్రము ఎవరికిని పట్టలేదు.

మఱియొక సంగతి. చట్టము అడ్డుపడుచున్నదనువారు ఒక్కమారు జైనూరు ప్రధాన వీథి వెంట నడచి తలయెత్తి చూడవలెను. అంతస్తుమీద అంతస్తు లేచుచున్న మేడలు, గిడ్డంగులు, ఎఱువుల కొట్లు, బంగారపు దుకాణములు, వీని క్రింద నేల యెవరి పేరనున్నదో, పైకట్టడ మెవరిదో, నడుమ బినామీ యెవడో ఊరిలో చిన్నపిల్లవాడు సైతము చెప్పగలడు. కట్టడమునకు అడ్డు రాని చట్టము కాలువకు మాత్రమే అడ్డు వచ్చునా? సొంత లాభమునకై దాటరాని గీతను దాటుటకు పదిదారులు కనిపెట్టిన మేధ, ఊరి మురుగును వాగునకు చేర్చుటకు ఒక్క దారి కనిపెట్టలేకపోయినదన్నచో, లోపము చట్టములో నున్నదని నేను నమ్మజాలను. వారు రద్దు కోరుట కాలువ కొఱకు కాదు. దొంగచాటుగా కట్టిన మేడకు దొరతనపు ముద్ర వేయించుకొనుట కొఱకు.

నిజముగా చట్టపులోపమని చెప్పదగినది ఒకటి కలదు. దానిని మాత్రము ఎవరును ప్రస్తావింపరు. రాజ్యాంగమున పురపాలక సంఘములను గూర్చిన భాగము షెడ్యూల్డు ప్రాంతములకు దానంతట వర్తింపదు; పార్లమెంటు శాసనము చేసి వర్తింపజేయవలెను. పంచాయతుల విషయమున 1996లో పెసా చట్టము చేసిన పార్లమెంటు, పురపాలక సంఘముల విషయమున 2001లో బిల్లును ప్రవేశపెట్టి అంతటితో విడిచినది. కాబట్టియే మందమఱ్ఱి పురపాలక సంఘమునకు దశాబ్దముల తరబడి ఎన్నికలు లేక అధికారుల పాలనమే గతియైనది. జైనూరు చుట్టుప్రక్కల గూడెములన్నిటికిని అంగడియై, బస్సు కూడలియై, పట్టణపు బరువు మోయుచు పంచాయతి ఆదాయముతో బ్రతుకుచున్నది. రేపు ఇది పట్టణమగుటకు పూనుకొన్నచో ఆ శూన్యముననే పడవలెను. మన పార్లమెంటు సభ్యుడు, ఏ పక్షమువాడైనను సరే, అడుగదగిన ప్రశ్న ఇది.

ప్రతివాదములలో గౌరవింపదగినది ఒక్కటే. అది పేద గిరిజనేతరుని వాదము. మూడు తరములుగా కౌలుకు దున్నుచు, పట్టా లేక, ప్రభుత్వపు పెట్టుబడి సాయము అందక, పంటబీమా లేక అలమటించు కుటుంబములు ఈ మండలమున కలవు. వారిలో మరాఠీ మాటలాడువారు, ముస్లిములు, దళితులు, బీసీలు అందఱును కలరు. వారి కష్టము నిజము. అయితే చట్టము రద్దయిన నాడు వారి చేతికి భూమి వచ్చునా? పోటీ తెఱచిన పిమ్మట ఎకరము కొనగలవాడు హైదరాబాదు నుండి వచ్చును గాని, కౌలురైతు కాడు. గోండు అమ్ముకొనును, కౌలుదారుడు వెడలగొట్టబడును, ఇద్దఱును ఆ కొన్నవాని పొలముననే కూలికి పోవుదురు. భూమి లేని గిరిజనేతరునకు కావలసినవి ఇంటిజాగా, రేషను, ఉపాధి, కూలి, పిల్లలకు వసతిగృహములు; వీనిలో నేదియు గిరిజనుని భూమిని తాకనక్కఱ లేదు. పేదవాని పేరు చెప్పి ధనవంతునికి తలుపు తీయుట మన రాజకీయములలో పాత విద్యయే. గిరిజనులలోనే లంబాడాలకును ఆదివాసులకును నడుమ చెలరేగిన వివాదము వేఱు విషయము. దానిని ఇచట కలిపినచో రెండును చెడును.

ఒక ఆదివాసి మహిళపై జరిగిన అఘాయిత్యము పిమ్మట 2024 సెప్టెంబరులో ఈ యూర దుకాణములు తగులబడి, కర్ఫ్యూ విధింపబడి, ఇంటర్నెట్టు ఆగిపోయిన దినములలో 1/70 పేరు మరల అందఱి నోటను నానినది. చట్టము తెచ్చిన ద్వేషమే ఇది యనువారొకవైపు, ఒక మతమువారిపైననే ఆ చట్టమును ప్రయోగింపుడనువారు మఱియొకవైపు. రెండును తప్పు. చట్టమునకు మతము తెలియదు. అది గిరిజనుడా కాడా యని మాత్రమే అడుగును. అఘాయిత్యమునకు శిక్ష వేయుటకు శిక్షాస్మృతి కలదు. భూమికి సంబంధించిన చట్టమును కోపము వచ్చిన నాడు ఒక వీథిపైన ప్రయోగించి, కోపము చల్లారిన పిమ్మట అటకెక్కించుట అమలు చేయుట కాదు; ఏటేట, అందఱిపైనను, నా యింటి దస్తావేజుతో మొదలిడి, విచారణ జరిపించుటయే అమలు.

తన భూమిని తనకిష్టము వచ్చినవానికి అమ్ముకొను స్వేచ్ఛ గిరిజనునకు లేకుండుట అవమానకరమనువారును కొందఱు కలరు. ఇది సాధారణముగా కొనదలచినవారి నోటనే వినబడును. జైనూరు పరిసరముల గూడెములలో గిరిజనులే ఈ చట్టమును తొలగింపుమని సభ చేసినట్లు నా యెఱుకలో లేదు; ఈ విషయమున నేనింతకంటె చెప్పనక్కఱ లేదు.

ఇక ఊరు నిజముగా పడుచున్న కష్టములలో ఒకదానిని చెప్పెదను. ఇది చట్టము తెచ్చినది కాదు, పటము గీచినవారు తెచ్చినది. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు విభజింపబడినపుడు జైనూరు ఆసిఫాబాదు జిల్లాలోనికి వచ్చినది. ఉట్నూరు ఆదిలాబాదు జిల్లాలో నిలిచినది. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉట్నూరులోనే యున్నది. కాబట్టి కలెక్టరు కావలసినవాడు తూర్పునకు ఘాటు దిగి ఆసిఫాబాదు పోవలెను, ప్రాజెక్టు అధికారి కావలసినవాడు పడమటికి ఉట్నూరు పోవలెను. ఒక్కొక్క పనికి రెండు జిల్లాల సంతకములు కావలసివచ్చును. రోజుకూలి పోగొట్టుకొని మార్లవాయి నుండి కాగితము చేతబట్టుకొని వచ్చు ముసలి గోండునకు పాలన దగ్గఱకు వచ్చినదన్న ప్రకటనము ఎట్లు వినబడునో ఊహింపుడు. ఐటీడీఏ అధికారి వారమునకొక దినము జైనూరు మండల కార్యాలయమున కూర్చుండి విచారణ జరుపవలెనని ఒక ఉత్తర్వు చాలును. దానికి శాసనసభ అక్కఱ లేదు, రాజ్యాంగ సవరణ అక్కఱ లేదు.

రాబోవు గ్రామసభకు పెద్దలు వచ్చెదరని వినుచున్నాను. 1/70ని గూర్చి ప్రసంగములుండుట తథ్యము. అవి ముగిసిన పిమ్మట నేను కోరబోవు తీర్మానములు మూడు: అంగడి వీథి నుండి వాగు వఱకు మురుగు కాలువకు అంచనా తయారుచేసి ఐటీడీఏకు పంపవలెననుట ఒకటి; బాట లేని గూడెములకు అటవీహక్కుల చట్టము మూడవ సెక్షను క్రింద దరఖాస్తులు ఈ సభయే సిఫారసు చేయవలెననుట రెండవది; మండలమున పెండింగులోనున్న భూబదలాయింపు కేసుల పట్టికను పంచాయతి గోడపై అంటింపవలెననుట మూడవది. మొదటి రెండింటికి ఎవరును అడ్డు చెప్పరు. మూడవదానికి ఎవరు లేచి అభ్యంతరము చెప్పుదురో చూచుటకు నేను ముందు వరుసలోనే కూర్చుందును.